పొలానికి పట్టిన ఓపిక ఒంటికి ఎందుకు పట్టం?



ఈ వారం వీడియోలో పంట లేదు, ఎరువు లేదు. మా మామ ఇంటి అరుగు మీద కూర్చుని మేమిద్దరం మాట్లాడుకున్న 20 నిమిషాలు మాత్రమే ఉంది. చూసే తీరిక లేనివాళ్ళ కోసం, అందులో చెప్పలేక వదిలేసిన మాటల కోసం ఇది రాస్తున్నా. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి. ఎందుకంటే ఇది నా తప్పు గురించి.

పాతవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 2023లో, అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అని ఊరూరా బ్యానర్లు కట్టిన రోజుల్లో, నేను కొర్ర చేలో నిలబడి ఒక వీడియో చేశాను. షుగర్ ఉన్నవాళ్ళు కొర్రలు, అరికెలు, సామలు, ఊదలు, అండుకొర్రలు మార్చి మార్చి తింటే మాత్రలతో పనే ఉండదని అన్నాను. "మీ వంటిల్లే మీ మందుల షాపు" అని కూడా అన్నాను. మా ఛానల్‌లో అన్నిటికన్నా ఎక్కువ మంది చూసింది అదే. నేను మూడేళ్ళు కష్టపడి తీసిన ఘనజీవామృతం వీడియోను దాంట్లో పదో వంతు మంది కూడా చూడలేదు. పోయిన నెల దాన్ని తీసేశాను. ఎందుకు తీసేశానో చెప్తా.

తుమ్మ ముల్లు

మా చిన్నమామకు 58 ఏళ్ళు. కర్నూలు జిల్లాలో నాలుగెకరాల ఎర్ర నేల, రెండు నాటు ఆవులు. షుగర్ వచ్చి అప్పటికి తొమ్మిదేళ్ళు. రోజూ పొద్దున, రాత్రి మాత్రలు వేసుకునేవాడు. నా వీడియో చూశాడు. చూడడమే కాదు, కొర్రన్నం మొదలుపెట్టాడు, వేపాకు, కాకరకాయ కషాయం మొదలుపెట్టాడు, మాత్రలు ఆపేశాడు. ఒంటికి భూమి తగలాలని ఎక్కడో విన్నాడట, చెప్పులు కూడా విడిచేశాడు.

మొదటి రెండు నెలలు ఒళ్ళు తేలిగ్గా ఉందని నాకు ఫోన్ చేసి చెప్పాడు. బరువు తగ్గాడు. నేను సంబరపడ్డాను. బరువు తగ్గడం రెండు రకాలని నాకప్పుడు తెలీదు. తిండి మారి తగ్గే బరువు ఒకటి, ఒంట్లో చక్కెర కణాలకు అందక మూత్రంలో పోయి, కండ కరిగి తగ్గే బరువు ఇంకొకటి. రాత్రి నాలుగైదు సార్లు లేస్తున్నాడనీ, ఊరికే దాహం అంటున్నాడనీ అత్త చెప్పేది. "విషాలు బయటికి పోతున్నాయి అత్తా, మంచిదే" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

సంక్రాంతి దాటినాక గట్టు మీద నల్లతుమ్మ కంప కొడుతుంటే ముల్లు దిగింది. దిగిన సంగతే మామకు తెలీదు. షుగర్ చాలాకాలం ఎక్కువగా ఉంటే పాదాల్లో నరాలు మొద్దుబారతాయి. నొప్పి తెలియదు. నాలుగు రోజుల తర్వాత అత్త, మంచం కింద రసి మరక చూసి, కాలు తిప్పి చూసింది. అప్పటికే బొటనవేలి పక్క వేలు నల్లబడింది. పసుపు, వేపనూనె పెట్టి ఇంకో వారం చూశారు. జ్వరం వచ్చాక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బిఏ1సి పరీక్షలో 11.6 వచ్చింది. షుగర్ ఉన్న చాలామందికి అది 7 దగ్గర ఉండేట్టు చూసుకోమని డాక్టర్లు చెప్తారు. రెండు వేళ్ళు తీసేశారు. ఆసుపత్రి ఖర్చుకు ఒక ఆవును అమ్మారు.

ఆపరేషన్ అయిన మర్నాడు మంచం పక్కన కూర్చున్నా. మామ కోప్పడలేదు. అదే నాకు కష్టమైంది. "నువ్వే చెప్తివి గదా అల్లుడా, మాత్రలతో పని లేదని. నేను మానేస్తి" అన్నాడు, అంతే. నా దగ్గర జవాబు లేదు.

డ్రెస్సింగ్ చేయడానికి వచ్చిన డాక్టరమ్మకు నేనెవరో మామే చెప్పాడు, గొప్పగానే చెప్పాడు. ఆమె నన్ను తిట్టలేదు. "కొర్రలు మంచివే. మాత్రలూ మంచివే. ఈ రెండింటికీ తగాదా ఎవరు పెట్టారు?" అంది. ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు.

పొలానికి ఒక న్యాయం, ఒంటికి ఇంకో న్యాయమా?

ప్రకృతి సేద్యంలోకి రావాలనుకున్న రైతు నాకు ఫోన్ చేస్తే ఏం చెప్తాను? "అన్నా, ఉన్న ఐదెకరాలూ ఒకేసారి మార్చొద్దు. మొదటి ఏడు అర ఎకరంతో మొదలుపెట్టు. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లు, నేలను ఖాళీగా ఉంచొద్దు. జీవామృతం ఇవ్వు. వానపాములు వచ్చాయా, మట్టి గుల్లబారిందా చూసుకో. అప్పుడు మిగతా పొలం సంగతి చూద్దాం." ఇరవై ఏళ్ళు యూరియా తిన్న నేలకు ఒక్క రోజులో అది ఆపేస్తే మొదటి పంట దెబ్బ తింటుందని మనందరికీ తెలుసు. ఆ దెబ్బతో రైతు మళ్ళీ ఈ వైపు తిరిగి చూడడని కూడా తెలుసు.

దీనికి పెద్ద ఉదాహరణలు రెండున్నాయి. సిక్కిం 2003లో సేంద్రియ రాష్ట్రం కావాలని తీర్మానం చేసుకుంది. రసాయనాలు మెల్లమెల్లగా తగ్గిస్తూ, రైతులకు నేర్పుతూ, ధ్రువీకరణ చేయిస్తూ వెళ్ళి, 2016లో పూర్తి సేంద్రియ రాష్ట్రమని ప్రకటించుకుంది. పదమూడేళ్ళు పట్టింది. శ్రీలంక 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించింది. ఉద్దేశం ఏదైనా, రైతు సిద్ధంగా లేడు, సేంద్రియ ఎరువు సరిపడా లేదు. వరి దిగుబడి పడిపోయింది, తేయాకు దెబ్బతింది, రైతులు రోడ్డెక్కారు. అదే ఏడాది నవంబరుకల్లా ప్రభుత్వం వెనక్కి తగ్గింది. బియ్యం బయటి నుంచి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత మన ప్రకృతి సేద్యాన్ని ఎవరు ఎగతాళి చేయాలన్నా శ్రీలంక పేరే ఎత్తుతున్నారు.

శ్రీలంక చేసింది తప్పని నేనే వీడియో చేశాను. మరి తొమ్మిదేళ్ళు మాత్రల మీద నడిచిన ఒంటికి నేను చెప్పింది ఏమిటి? శ్రీలంక పద్ధతే కదా! నేలకు పదమూడేళ్ళు ఇవ్వడానికి ఒప్పుకునే మనం, మనిషికి పదమూడు రోజులు ఇవ్వం. మట్టి పరీక్ష చేయించకుండా ఎరువు వేయొద్దని చెప్పే మనం, రక్త పరీక్ష చేయించకుండా మాత్ర ఆపమంటాం. ఇదే నా తప్పు. నాదొక్కడిదే కాదు, మన వాళ్ళలో చాలామందిది. అందుకే పేరు పేరునా మీ అందరికీ చెప్తున్నా.

చిరుధాన్యాలు: ఉన్నదున్నట్టు

చిరుధాన్యాల మీద నా నమ్మకం పోలేదు. మా ఇంట్లో వారానికి నాలుగు రోజులు కొర్రన్నమో జొన్నరొట్టో ఉంటుంది. నంద్యాల పరిశోధన స్థానం ఇచ్చిన సూర్యనంది కొర్ర మా చేలోనే వేస్తాం. రెండున్నర నెలల్లో చేతికొస్తుంది, రెండు వానలు తప్పినా నిలబడుతుంది. మన ఎర్ర నేలలకు ఇంతకన్నా మర్యాదైన పంట లేదు. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, బియ్యంలో అది పది దరిదాపుల్లోనే. పీచు ఎక్కువ. ఇవన్నీ నిజాలే.

కానీ ఇంకో నిజం కూడా ఉంది. నేను వీడియోలో దాన్ని చెప్పలేదు. కొర్రలైనా, సామలైనా, రాగులైనా, వందలో 60 గ్రాములకు పైగా పిండిపదార్థమే. అంటే అదీ ఒంట్లోకి పోయి చక్కెరగానే మారుతుంది. పీచు ఉండడం వల్ల కొంచెం నిదానంగా మారుతుంది, అంతే తేడా. "చిరుధాన్యమే కదా" అని రెండు గిన్నెలు తింటే ఆ తేడా కూడా పోతుంది. మామ చేసింది అదే. ముందు ఒక గిన్నె బియ్యపన్నం తినేవాడు, తర్వాత రెండు గిన్నెల కొర్రన్నం.

2025లో భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన పెద్ద సర్వే ఒకటి బయటికొచ్చింది. మన దేశంలో మనిషి తినే శక్తిలో సగటున 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని తేల్చింది. తెల్లబియ్యం, మైదా బదులు గోధుమపిండో చిరుధాన్యాల పిండో వాడినా, మొత్తం పిండిపదార్థం తగ్గించకపోతే షుగర్ ముప్పు తగ్గినట్టు కనపడలేదని కూడా చెప్పింది. పప్పులు, గింజలు, పాలు, పెరుగు, గుడ్డు లాంటివి పెంచి, ఆ మేరకు అన్నం తగ్గించినప్పుడే లాభం. ఇది చదివినప్పుడు నాకు మా అవ్వ గుర్తొచ్చింది. ఆమె పెట్టే కొర్రన్నం ముద్ద చిన్నది. పక్కన ఉలవచారో, గోంగూర పప్పో, బుడ్డల పొడో నిండుగా ఉండేది. మనం కొర్రను తిరిగి తెచ్చుకున్నాం గానీ, ఆ కంచం తెచ్చుకోలేదు.

ఇంకొకటి. అదే రాగిని మెత్తగా పిండి పట్టించి జావ కాస్తే చక్కెర తొందరగా పెరుగుతుంది. గింజ ఎంత మెత్తబడితే అంత తొందరగా అరుగుతుంది కాబట్టి. ఎండలో పని చేసే మనిషికి, ఎదిగే పిల్లలకు జావ అమృతమే. కుర్చీలో కూర్చునే షుగర్ మనిషి పొద్దున్నే బెల్లం వేసుకుని పెద్ద గ్లాసుడు జావ తాగితే అది వేరే కథ. ఇక చిరుధాన్యాల బిస్కెట్లు, నూడుల్స్ సంగతి చెప్పక్కర్లేదు. ప్యాకెట్ ముందువైపు కొర్ర బొమ్మ చూడకండి, వెనకవైపు మైదా, చక్కెర ఎంతుందో చూడండి.

సహజం అంటే సురక్షితం అనుకునేవాళ్ళకు ఒక సంగతి. 2024 అక్టోబరు చివర్లో మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్ అడవిలో మూడు నాలుగు రోజుల్లో పది ఏనుగులు చనిపోయాయి. ఎవరో విషం పెట్టారని మొదట అనుకున్నారు. పరీక్షల్లో తేలింది ఏమిటంటే, అవి మేసిన అరికె చేనుకు బూజు పట్టి, దాంట్లో సైక్లోపియాజోనిక్ ఆమ్లం అనే విషం తయారైంది. ఏ కంపెనీ మందూ కొట్టక్కర్లేదు, వానకు తడిసిన అరికెలో ప్రకృతే చేసింది దాన్ని. పాతకాలపు రైతులకు ఇది తెలుసు. కోతల్లో తడిసి ముక్కిన అరికె తింటే మత్తొస్తుందని పక్కన పెట్టేవాళ్ళు. ప్రకృతిని ప్రేమించడమంటే దాన్ని గుడ్డిగా నమ్మడం కాదు. దాని గుణం తెలుసుకుని మసలుకోవడం.

మాత్ర కూడా ఒకప్పుడు మొక్కే

మన వాళ్ళలో మాత్ర అంటే ఒక రకం అసహ్యం ఉంది. నాకూ ఉండేది. మెట్‌ఫార్మిన్ అని షుగర్‌కు మొదట రాసే మాత్ర ఉంది కదా, దాని మూలం ఎక్కడుందో తెలుసా? యూరప్‌లో గలేగా అనే గడ్డిమొక్క ఉంటుంది, మన జనుము, పిల్లిపెసర లాగా కాయజాతి. అక్కడి నాటువైద్యంలో అతిమూత్రానికి దాన్ని వాడేవాళ్ళు. ఆ మొక్కలో చక్కెర తగ్గించే పదార్థమేదో కనిపెట్టి, అది నేరుగా వాడితే ప్రమాదమని తెలుసుకుని, దాన్ని మార్చుకుంటూ పోతే చివరికి మెట్‌ఫార్మిన్ వచ్చింది. ఒక మొక్కలోని గుణాన్ని కొలత తెలుసుకుని వాడడమే అది. కషాయంలో లేనిది ఆ కొలతే. ఈ కాకరకాయకూ పక్క తోటలో కాకరకాయకూ చేదు ఒకేలా ఉండదు. ఎంత తాగితే ఎంత తగ్గుతుందో చెప్పగలిగేవాడు లేడు.

ఇన్సులిన్ సంగతి ఇంకా పెద్దది. చిన్నపిల్లలకు వచ్చే టైప్ 1 షుగర్‌లో ఒంట్లో ఇన్సులిన్ తయారీ దాదాపు ఆగిపోతుంది. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ అబ్బాయికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకుముందు ఆ జబ్బు వచ్చిన పిల్లలకు తిండి బాగా తగ్గించి కొన్నాళ్ళు బతికించుకోవడం తప్ప దారి లేదు. అప్పుడు రసాయన ఎరువుల తిండి, ప్లాస్టిక్, ప్యాకెట్లు ఇప్పటంతగా లేవు. అయినా పిల్లలు చనిపోయారు. ఏ కొర్రా, ఏ కషాయమూ ఇన్సులిన్‌కు బదులు కాదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మామ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆ పాత వీడియో కింద కామెంట్లు మొదటి నుంచీ చదివాను. ఒక తల్లి అడిగింది, "అన్నా, మా పాపకు తొమ్మిదేళ్ళు. రోజూ ఇన్సులిన్ సూదులు పొడవలేక ఏడుపొస్తోంది. మీరు చెప్పినట్టు చేసి సూదులు మానేయొచ్చా?" అని. దాని కింద నేనేం చేశానో తెలుసా? ఒక దండం బొమ్మ పెట్టి వదిలేశాను. చదివానో లేదో కూడా గుర్తు లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆమె నంబర్ కనుక్కుని మాట్లాడడానికి రెండు రోజులు పట్టింది. పాప బాగుంది. "డాక్టర్ గారు ఒప్పుకోలేదన్నా, మానలేదు" అంది ఆమె. ఆ డాక్టరెవరో నాకు తెలీదు గానీ, ఆ పాపతో పాటు నన్ను కూడా కాపాడాడు.

మరి తిండితో షుగర్ తగ్గదా?

తగ్గుతుంది. ఆ మాట నేను వదలను. బ్రిటన్‌లో డైరెక్ట్ అని ఒక అధ్యయనం చేశారు, 2017 చివర్లో ఫలితాలు వచ్చాయి. షుగర్ వచ్చి ఆరేళ్ళు దాటనివాళ్ళకు, బరువు ఎక్కువున్నవాళ్ళకు, గట్టి ఆహార నియమం పెట్టి బరువు తగ్గించారు. ఏడాది తిరిగేసరికి వాళ్ళలో 46 శాతం మందికి మాత్రల్లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. అంటే తిండికి నిజంగానే ఆ బలం ఉంది.

కానీ అది ఎలా చేశారో చూడండి. డాక్టర్లు, నర్సులు పక్కనుండి, రక్తం పరీక్షిస్తూ చేశారు. ఇన్సులిన్ వాడేవాళ్ళను అందులో చేర్చుకోలేదు. సగానికి పైగా మందికి అలా కాలేదు. వాళ్ళను "నీకు నమ్మకం లేదు, అందుకే తగ్గలేదు" అని ఎవరూ నిందించలేదు. మన దగ్గర తగ్గనివాడిదే తప్పంటాం.

ఇంకో ప్రమాదం కూడా ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. కొన్ని రకాల షుగర్ మాత్రలో, ఇన్సులినో వాడుతూ, ఒక్కసారిగా తిండి సగం చేసినా, ఉపవాసాలు మొదలుపెట్టినా చక్కెర మరీ కిందికి పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండె దడ, మాట తడబడడం, ఒక్కోసారి స్పృహ తప్పడం. అందుకే తిండి మార్చేవాళ్ళు మార్చక ముందే డాక్టర్‌కు చెప్పాలి. "నేను ఇలా తినబోతున్నా, మాత్రలు ఏమైనా తగ్గించాలా?" అని అడగాలి. మానేయడానికి డాక్టర్ దగ్గరికి వెళ్ళనక్కర్లేదు అనుకుంటాం. నిజానికి మానేయడానికే ముందు వెళ్ళాలి.

మనం అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి

2023లో వచ్చిన లెక్క ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది, ఇంకో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. వీళ్ళందరూ నమ్మకం లేక, బద్ధకం వల్ల జబ్బు పడ్డారా? పల్లెల్లో రేషన్ మీద వచ్చేది తెల్లబియ్యం. కడుపు నింపింది, ఆకలి చావులు ఆపింది, దాన్ని చులకన చేయను. కానీ పప్పు, నూనెగింజ, కూరగాయ అదే ధైర్యంతో పేదవాడి కంచంలోకి రాలేదు.

రైతు వైపు చూడండి. కేంద్రం ఏటా మద్దతు ధర ప్రకటించే చిరుధాన్యాలు మూడే: జొన్న, సజ్జ, రాగి. 2025-26కు రాగి క్వింటాలు 4,886 రూపాయలు. మనం ఇంత గొప్పగా చెప్పుకునే కొర్ర, సామ, అరికె, ఊద ఆ జాబితాలో లేవు. పొట్టు తీసే మిల్లు దగ్గర్లో లేక, పండించిన కొర్రను పొట్టుతోనే తెగనమ్ముకున్న రైతులు నాకు తెలుసు. పట్నంలో అదే కొర్ర మంచి సంచిలో కూర్చుని బియ్యం కన్నా రెండింతలు పలుకుతుంది. మండలానికొక చిన్న మిల్లు, బడి పిల్లల భోజనంలో స్థానిక కొర్ర, రేషన్‌లో కందిపప్పు. మనం గొంతెత్తాల్సింది వీటి మీద. 2024 నవంబరులో కేంద్రం ప్రకృతి సేద్యానికి 2,481 కోట్లతో జాతీయ మిషన్ ఆమోదించింది. అందులో మన ఊరికి ఏం వస్తుందో అడగాలి. అవి వదిలేసి "మాత్రలు మానండి" అని చెప్పడం తేలిక. చూసేవాళ్ళూ ఎక్కువ. నాకు తెలుసు, నేను ఆ తేలికదనంతో నాలుగు డబ్బులు కూడా చూశాను.

షుగర్ నయం చేస్తామని ప్రకటనలివ్వడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. అలాంటి తప్పుడు ప్రకటనల మీద 2024లో సుప్రీంకోర్టు ఒక పెద్ద కంపెనీతో పత్రికల్లో బహిరంగ క్షమాపణ వేయించింది. నేను కంపెనీని కాదు, ఏమీ అమ్మలేదు. కానీ నా మాట విన్న మనిషికి ఆ తేడాతో ఏం పని? అతని కాలు అతనిదే కదా.

వీడియో తీసేశాక మన తోటివాళ్ళే కొందరు ఫోన్ చేసి "మందుల కంపెనీలకు అమ్ముడుపోయావా?" అన్నారు. బాధేసింది. వాళ్ళకు ఒకటే చెప్పాను. మన సేద్యం నిలబడాలంటే మన మాట నిలబడాలి. ఒక అబద్ధం బయటపడితే దాంతోపాటు వంద నిజాలు కొట్టుకుపోతాయి. మామ ఊళ్ళో ఇప్పుడు కొర్ర పేరెత్తితే "ఆయన కాలు చూడలేదా" అంటున్నారు. పాపం కొర్ర ఏం చేసింది?

ఇప్పుడు మామ ఇంట్లో ఏం నడుస్తోంది

వీడియోలో మామే చెప్పాడు, ఇక్కడ వరసగా రాస్తున్నా. ఇది వైద్యం కాదు, మా ఇంటి అలవాటు మాత్రమే. మీ మాత్రల సంగతి మీ డాక్టర్‌తోనే తేల్చుకోండి.

1. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు. పావు భాగం పప్పో, ఉలవలో, గుడ్డో, పెరుగో. మిగిలిన పావే కొర్రన్నం లేదా జొన్నరొట్టె. ముందు కూర, పప్పు తిని తర్వాత అన్నం.

2. కొర్రలు రాత్రే నానబెట్టి, పొద్దున గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్ళతో పొడిపొడిగా వండుతుంది అత్త. జావ మానేశాడు. ముక్కవాసన వచ్చే గింజ కోళ్ళకు కూడా వేయరు.

3. తిన్నాక పావుగంట నడక, చెప్పులతో. చెప్పుల్లేకుండా ఇంట్లో కూడా నడవడు. మంచు గడ్డి మీద నడక మంచిదే కావచ్చు, పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళకు కాదు.

4. రాత్రి పడుకునే ముందు అత్త రెండు పాదాలూ చూస్తుంది. అరికాలు, వేళ్ళ సందులు, మడమ పగుళ్ళు. ఒంటరిగా ఉండేవాళ్ళు కింద అద్దం పెట్టుకుని చూసుకోవచ్చు. చిన్న పుండైనా రెండు రోజుల్లో తగ్గకపోతే ఆసుపత్రే.

5. వేడినీళ్ళు కాలితో చూడకుండా మోచేత్తో చూసుకుంటాడు. కాలికి కాక తెలీదు కదా.

6. ఉప్పు రోజుకు మొత్తం ఐదు గ్రాముల్లోపు, అంటే చిన్న చెంచాడు. ఊరగాయ అందులోకే వస్తుంది. దీని మీద మామకూ అత్తకూ రోజూ గొడవే.

7. మూడు నెలలకోసారి హెచ్‌బిఏ1సి, ఏడాదికోసారి కళ్ళు, కిడ్నీల పరీక్ష. మాత్రలు, కొన్నాళ్ళు ఇన్సులిన్ కూడా.

ఈ నెల పరీక్షలో 7.4 వచ్చింది. ఇన్సులిన్ ఆపేశారు. ఒక మాత్ర కూడా తగ్గించారు, డాక్టరమ్మే తగ్గించింది. కొర్రలూ మాత్రలూ కలిసి చేసిన పని అది. ఏది ఎంత చేసిందో విడదీయడం నాకు చేతకాదు, చేయనక్కర్లేదు కూడా.

వీడియో చివర్లో నేను మామను అడిగాను, "మళ్ళీ నా మాట నమ్ముతావా మామా?" అని. ఆయన కాసేపు చేను వైపు చూసి, "నమ్ముతాలే. ఈసారి డాక్టరమ్మను కూడా అడిగి నమ్ముతా" అన్నాడు. దాన్ని ఎడిటింగ్‌లో తీసేయమని నా మనసు చెప్పింది. ఉంచేశాను.

నా పాత వీడియో చూసి ఎవరైనా మాత్రలు ఆపి ఉంటే, దయచేసి రేపే వెళ్ళి ఒకసారి పరీక్ష చేయించుకోండి. సిగ్గుపడొద్దు, "మానేశాను" అని డాక్టర్‌కు ఉన్నదున్నట్టు చెప్పండి. తప్పు చెప్పింది నేను, విన్న మీరు కాదు. మీ ఇంట్లో మానేసినవాళ్ళు ఉంటే ఇది చదివి వినిపించండి.

వచ్చే వారం మామ చేలోనే కలుద్దాం. తొలకరికి ముందు వేసే నవధాన్యాల గింజలకు బూడిద, ఘనజీవామృతం పట్టించడం చూపిస్తా. ఉన్న ఆ ఒక్క ఆవుతోనే.

ఉంటా మిత్రులారా. కాళ్ళు చూసుకోండి.